పులి మింగిన తాయెత్తు

పోయిన వారం మనం ప్రభావతిని బాబుపేట్ ఇంటి వెనక వరండాలో, చేతిలో చీపురుతో, జుట్టు నిండా దూదితో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అలాగే ఉంది. ఎదురుగా భర్త దిండు పేలికలై పడుంది. దిండు మీద విప్పి పడేసిన అతని చొక్కా జేబు కూడా నమిలినట్టు తడిసి ఉంది. ఆ దూది మధ్య ఆమె పెంచుకున్న కుక్క పులి, నురగ కక్కుతూ పక్కకు ఒరిగిపోయింది. ఆ దిండులో ఏం కుట్టి ఉందో ప్రభావతికి తెలుసు, ఆమె చిన్నమ్మ సారక్కకు తెలుసు, మీకు తెలుసు. తెలియనివాడు ఆ దిండు మీద తల పెట్టుకుని పడుకునే తిరుమలేష్ ఒక్కడే.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తిరుమలేష్ పవర్ హౌస్‌లో ఇంజనీరు. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు దిగుతున్న రోజులివి. అవి నేర్వనివాడు కూర్చున్న కుర్చీలోనే ముసలివాడవుతాడని పై అధికారి మొహం మీదే చెప్పాడు. అందుకని సాయంత్రాలు వెనక వీధిలో ప్రతిభ నడిపే కంప్యూటర్ క్లాసుకు పోతున్నాడు, తోడుగా పులిని తీసుకుని. ప్రతిభకు పెళ్ళి కాలేదు, కైనెటిక్ హోండా ఉంది, నవ్వితే బుగ్గలు సొట్టపడతాయి. ప్రభావతి లెక్కలో ఈ మూడూ శిక్ష పడాల్సిన నేరాలే.

మాజ్రి స్టేషన్ వెనక ఇస్తారి అని తాయెత్తులు కట్టేవాడున్నాడు. "ఉన్నది పోవద్దంటె నల్లదారం, లేనిది రావాలంటె ఎర్రదారం" అన్నది అతని శాస్త్రం. రేకు మడిచి, దారం గట్టిగా చుట్టి, బెల్లం పాకంలో ముంచి ఆరబెట్టి ఇస్తాడు. తీపి నాలుకకు పట్టినట్టు తాయెత్తు మనిషికి పడుతుందట. సారక్క వెంటబెట్టుకుని పోతే ప్రభావతి నల్లదారం అడిగి తెచ్చుకుంది, భర్త దిండులో కుట్టేసింది. బెల్లానికి మనుషులకంటే ముందు కుక్కలు వస్తాయని ఇస్తారికీ తట్టలేదు, ఈమెకూ తట్టలేదు.

ఇప్పుడు తట్టింది.

తిరుమలేష్ స్నానం చేసి వచ్చేలోపల దూదంతా గోనెసంచిలోకి కుక్కి, సంచి సారక్క చేతిలో పెట్టింది. "చిన్నమ్మా, తాయెత్తు గిందుల ఉన్నదేమో దేవులాడు. ఆయన కంట్ల పడనియ్యకు" అంది గుసగుసగా. సారక్క దూది వంక, కుక్క వంక మార్చి మార్చి చూసి, "ఇంకేం దేవులాడుడు బిడ్డా, అది దీని కడుపులకే పోయింది" అని తల కొట్టుకుంది.

పులి మళ్ళీ కక్కింది. పట్టిన నీళ్ళు పట్టినట్టే వెనక్కి వచ్చేస్తున్నాయి. పొట్ట బిగుసుకుపోయి, చెయ్యి వేస్తే మూలుగుతోంది. పేరుకు పులే గానీ దీపావళి టపాకాయ పేలితే మంచం కింద దూరే ప్రాణం అది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు వానలో తడుస్తుంటే కొంగులో చుట్టుకుని తెచ్చుకుంది ప్రభావతి. ఆ ఇంట్లో పిల్లల్లేరు. అందుకని పులి ఆ ఇంట్లో ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

"ఆటో తెస్త" అని తిరుమలేష్ వీధిలోకి పరిగెత్తాడు. ముందురోజే పోళా పండుగ. ఎద్దులకు పూజ చేసి, ఊరంతా బొబ్బట్లలాంటి పోళీలు తిని, ఇంకా నిద్రలోనే ఉంది. ఆటో దొరకలేదు. దొరికింది కైనెటిక్ హోండా, దాని మీద ప్రతిభ.

"వహినీ, భయపడకండి, పశువుల దవాఖాన డాక్టర్ నాకు తెలుసు" అంది ప్రతిభ. ఆమె మాట్లాడేది మరాఠీ, వహిని అంటే వదిన. రాజురాలో మరాఠీ బడిలో చదువుకున్న ప్రభావతికి ప్రతి అక్షరం అర్థమవుతుంది. మీ కోసమే నేను తెలుగు చేస్తున్నాను. "వాఘ్యా, అరే, ఏమైంది రా నీకు?"

వాఘ్యా! పులిని మరాఠీ చేసి పేరు కూడా మార్చేసింది. పులి అని పిలవడానికి నోరు తిరగదా ఏమిటి? ప్రభావతికి ఒళ్ళు మండిపోయింది.

తిరుమలేష్ కుక్కను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ప్రతిభ వెనక కూర్చున్నాడు. ఒక్క క్షణం తటపటాయించి ఉంటే ప్రభావతి క్షమించేది. తటపటాయించలేదు. రోజూ ఎక్కే బండి ఎక్కినట్టు ఎక్కాడు. ఆమెకు మిగిలింది మూలమలుపులో కునుకుతున్న రిక్షా. దారి పొడుగునా ఆమె కళ్ళు ముందు మెల్లగా పోతున్న బండి మీదే. గుంత వచ్చినప్పుడు ఆయన చెయ్యి బండిని పట్టుకుందా, ఇంకెక్కడన్నా ఆనుకుందా? ప్రతిభ ఓణీ ఎగిరి ఆయన మొహం మీద పడితే తీసేశాడా, అలాగే ఉంచుకున్నాడా? జబ్బు చేసింది కుక్కకు, కడుపులో మంట ఈమెకు. మధ్యలో పులి సంగతి గుర్తొచ్చి, నేనే చంపుకుంటున్నానా దేవుడా అని ఏడ్చింది. మళ్ళీ బండి కనపడగానే ఏడుపు ఆగిపోయింది.

దవాఖాన వరండాలో కొమ్ములకు రంగులేసిన ఎద్దు ఒకటి తీరిగ్గా నెమరేస్తోంది. లోపల కరెంటు లేదు. ఊరి చివర పవర్ హౌస్ పొగలు కక్కుతూనే ఉంటుంది, ఊళ్ళో ఫ్యాను తిరగదు. దీని మీద ఎవరు ఏమన్నా తిరుమలేష్ తనను అన్నట్టే తల దించుకుంటాడు. డాక్టర్ బోర్కర్ వెనక క్వార్టర్స్‌లోంచి లుంగీ మీదే వచ్చాడు. రాజురా మనిషి, అటువైపు తెలుగు గలగలా మాట్లాడతాడు.

పులి పొట్టను నాలుగువైపులా నొక్కి చూశాడు. నోరు తెరిచి చూశాడు. "నిన్న ఏం తిన్నది?"

"ఏం తినలే డాక్టర్ సాబ్. రాత్రి అన్నం పెడితె మూతి తిప్పుకున్నది" అంది ప్రభావతి.

"మా ఇంట్లో పురణ్‌పోళీ తిన్నాడు" అంది ప్రతిభ. "ఒక్కటే. నెయ్యి వేసి ఇచ్చాను. రోజూ మా ఇంట్లో ఏదో ఒకటి తింటాడుగా."

రోజూ! ప్రభావతి మొగుడి వంక తిరిగింది. తిరుమలేష్ ఎద్దును చూస్తున్నాడు.

"రోజు తింటదా? నాకేం చెప్పలే మీరు. నేను ముద్దలు కలిపి పెడితె ఇది వాసన జూసి పోతుంటె, పానం బాగలేదేమో అని దేవునికి మొక్కుకున్న. నెయ్యి మరిగినంక నా మజ్జిగన్నం ఎట్ల దిగుతది?" ఆ మాట కుక్కను గురించేనని అక్కడెవరూ అనుకోలేదు. "ఇది చేసింది నీ పోళీయే. పుణ్యాత్మురాలా, అడగక ముందే పెడ్తవ్, నీ సొమ్మేం పోయింది!"

ప్రతిభ మొహం పాలిపోయింది. "నేను... నాకు తెలియదు వహినీ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పండుగ మర్నాడు కుక్కలు గిట్లనే వస్తయి" అన్నాడు డాక్టర్. "శెనగపప్పు, నెయ్యి. అరగది. సెలైన్ పెట్టి రేపటిదాంక చూద్దాం."

"అరగకపోవుడేనంటరా?" తిరుమలేష్ అడిగాడు.

డాక్టర్ మళ్ళీ పొట్ట మీద చెయ్యి వేశాడు. "గీడ పేగు ముద్దలెక్క తగుల్తున్నది. అదే అనుమానం. దారం గీరం మింగిందనుకో, అది పేగును గుంజి కోస్తది. అట్లైతె ఇప్పుడే పొట్ట తెరవాలె, రేపటిదాంక ఆగితె ఖతం. అట్ల గాక ఉత్త అజీర్తి అనుకో, గీ నీరసంల మత్తు సూదికే పానం పోవచ్చు. ఎక్స్‌రే తీద్దామంటె మనుషుల మిషన్ మీద కుక్కను ఎవడు పండవెట్టనిస్తడు? అందుకే అడుగుతున్న, సచ్ బోల్నా. దారం, గుడ్డ, ఏమన్న మింగిందా?"

"లేదు సాబ్" అన్నాడు తిరుమలేష్. "మా ఇంట్ల అట్లాంటివి కింద పడి ఉండయి. ఈమె శుభ్రం మనిషి."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ప్రభావతి ఆగింది కాబట్టి.

నోరు మూసుకుంటే చాలు. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు. నేరం పోళీ మీద పడింది. ప్రతిభ కళ్ళనీళ్ళతో నిలబడింది. పులికి ఏమన్నా అయితే తిరుమలేష్ జన్మలో మళ్ళీ ఆ గడప తొక్కడు. ఏ తాయెత్తూ చెయ్యలేని పని ఈ మౌనం చేసిపెడుతుంది. ప్రతిభ అలా కుంచించుకుపోయి నిలబడటం చూస్తుంటే ప్రభావతికి, ఉన్నమాట చెప్పుకోవాలంటే, చల్లగా ఉంది. చాలా రోజుల తర్వాత చల్లగా ఉంది.

పులి మళ్ళీ కక్కబోయింది. ఏమీ రాలేదు. ఊరికే మెడ చాచి, పొట్ట ఎగరేసి, అలసి తల వాల్చేసింది. వాల్చేముందు ఆమె వంక చూసింది. నిన్న అన్నం వదిలేసిన కుక్కే, నెయ్యికి అమ్ముడుపోయిన కుక్కే. అయినా నొప్పి వస్తే చూసింది ఈమె వంకే.

"దారం మింగింది" అంది ప్రభావతి.

అందరూ ఆమె వంక తిరిగారు.

"దారం మింగింది డాక్టర్ సాబ్. తాయెత్తు. రేకుకు చుట్టిన దారం, బెల్లం పూసిన దారం. ఈయన దిండుల నేనే కుట్టిన. పొద్దున దిండు చింపింది. ఎంత దేవులాడినా తాయెత్తు కనవడలే."

"నా దిండులనా?" అన్నాడు తిరుమలేష్. అతనికి ఇంకా అందలేదు. "తాయెత్తు ఎందుకు?"

"ఎందుకు కడ్తరు? మీరు పోకుండ."

"యాడికి పోకుండ?"

ప్రభావతి ప్రతిభ వంక చూసింది, అంతే. ఆ చూపుతో అందరికీ అర్థమైపోయింది, వరండాలో ఎద్దుకు తప్ప. తిరుమలేష్ మొహం కందగడ్డయింది. "ఛీ! చదువుకున్నదానివి ప్రభా. నన్ను ఎద్దును కట్టేసినట్టు కట్టేద్దామనుకున్నవా? గీమె ముంగట, డాక్టర్ ముంగట, గిదా నా ఇజ్జత్?"

ప్రతిభ నవ్వుతుందనుకుంది ప్రభావతి. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి ఓ కారణం దొరికేది. ప్రతిభ నవ్వలేదు. వచ్చి ప్రభావతి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో గమనించి మరీ ప్రభావతి దాన్ని తోసేసింది.

"మొగుడు పెండ్లాల పంచాయితీ ఇంట్ల పెట్టుకోండి" అన్నాడు డాక్టర్, లుంగీ మీదే తెల్లకోటు తొడుక్కుంటూ. "దారమని తెలిసె, నాకు గంతె గావాలె. తిరుమలేష్ సాబ్, బల్ల కిటికీ తానకు జరుపుర్రి, వెలుతురు చాలదు. మా కంపౌండర్ పండుగకు పోయిండు. తల ఒకరు పట్టాలె, కాళ్ళు ఒకరు పట్టాలె. తల తాన దానికి నమ్మకమున్న మనిషి ఉండాలె, బెదిరితె సూది దిగనియ్యది. ఎవరి మాట వింటది?"

"నా మాట" అంది ప్రభావతి.

"నా మాట కూడా వింటాడు" అంది ప్రతిభ. అని, నాలుక కరుచుకుంది.

డాక్టర్ విసుక్కున్నాడు. "పిలిచి చూడుర్రి."

"పులీ" అంది ప్రభావతి. "నా తండ్రీ, పులీ."

కుక్క కదలలేదు. కళ్ళు మూసుకునే ఉంది.

"వాఘ్యా" అంది ప్రతిభ, గొంతు తగ్గించి.

చెవి కదిలింది. కొంచెమే. కానీ కదిలింది.

తల ప్రతిభకు దక్కింది, కాళ్ళు ప్రభావతికి. వానలో కొంగు చుట్టి తెచ్చినదానికి కాళ్ళు, నెయ్యి పోసినదానికి తల. లోకంలో న్యాయం ఇలాగే ఏడుస్తుంది అనుకుంటూ ప్రభావతి వెనక కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుంది. మత్తు ఎక్కుతుండగా పులి తోక ఒకసారి లేచి ఆమె మణికట్టుకు తగిలింది. అది తనకోసమో, తల నిమురుతున్న ఆమెకోసమో తెలియలేదు. తనకోసమే అనుకుంది. అనుకోకపోతే అక్కడ నిలబడలేకపోయేది.

కోస్తున్నప్పుడు తిరుమలేష్ చూడలేక గోడవైపు తిరిగిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ చూశారు. డాక్టర్ చేతులు లోపల వెతికాయి, పేగును కొంచెం కొంచెంగా బయటికి తీసి వేళ్ళ మధ్య జరిపాయి. ఒకచోట పేగు మడతలు మడతలుగా కుచ్చెళ్ళు పెట్టినట్టు ముడుచుకుని ఉంది. "దొర్కింది బద్మాష్" అన్నాడు. చిన్న గాటు పెట్టి, పటకారుతో మెల్లగా లాగాడు. దారం వచ్చింది, దారం చివర రేకు వచ్చింది. అన్నీ కలిపి ట్రేలో పడేశాడు.

"తాయీ" అన్నాడు కుట్లు వేస్తూ, "పేగు ఇంకా తెగలే. సందేళదాంక ఉంటె తెగుతుండె. నువ్వు చెప్పకపోతె నేను సెలైన్ పెట్టి పండవెడ్తుంటి. సిగ్గు పోతె పోయింది గాని కుక్కను బతికించుకున్నవ్."

ప్రభావతి కిటికీ పట్టుకుంది. ప్రతిభ పులి చెవుల మధ్య ముద్దు పెట్టుకుంది. ఆ క్షణంలో మాత్రం ప్రభావతి దాన్ని కూడా భరించింది.

తర్వాత గుర్తొచ్చింది ట్రే. ఆ తాయెత్తు అలా అందరి కళ్ళముందూ పడి ఉండటం ఆమెకు నచ్చలేదు. బయట కొళాయి దగ్గరికి తీసుకుపోయి చెంబుతో నీళ్ళు పోసింది, కడిగి కొంగున ముడేసుకుందామని. జిగురు పోయింది, నెత్తురు పోయింది. దారం ఎర్రగానే ఉంది. ఇంకా నెత్తురే అనుకుని మళ్ళీ పోసింది, వేళ్ళతో రుద్దింది. నీళ్ళు తేటగా కారిపోయాయి. ఎరుపు పోలేదు.

"ప్రభా! ఓ ప్రభా!" గేటు దగ్గర్నుంచి సారక్క రొప్పుతూ వచ్చింది, తల నిండా దూదితో. "ఉత్తగనే ఆగమైతివి గద బిడ్డా! నీ తాయెత్తు దిండు మూలకు అతుక్కొని ఉన్నది. కుక్క మింగనే లేదు, గిదో!" అని అరచెయ్యి తెరిచింది. బెల్లం పూత చెక్కు చెదరని రేకు, దానికి నల్లదారం.

ప్రభావతి ఎడమచేతిలో నల్లది పెట్టుకుంది. కుడిచేతిలో ఎర్రది ఉంది. ఒకే మడత, ఒకే ముడి. ఇస్తారి చేతి పనే.

లేనిది రావాలంటె ఎర్రదారం.

ఆమె ముందు ప్రతిభ మొహంలోకే చూసింది. పెళ్ళికానిది, మొగుడు లేనిది. ఇంకెవరుంటారు? ప్రతిభ అప్పుడే చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చింది. ఎర్రదారాన్ని చూసి ఆమె ఉలిక్కిపడలేదు, తడబడలేదు. ఆమె చూపు ప్రభావతిని దాటి వెనక్కి పోయింది. ప్రభావతి కూడా వెనక్కి తిరిగింది.

గుమ్మంలో తిరుమలేష్ నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. ఖాళీ జేబును వేళ్ళు తడుముతున్నాయి. తడిమి, ఇది ఆ చొక్కా కాదని గుర్తొచ్చి, ఆగిపోయాయి. పొద్దున దిండు మీద పడున్న చొక్కా, నమిలి తడిసిన జేబు ప్రభావతి కళ్ళముందు మెదిలాయి. ఇందాక ఇజ్జత్ పోయిందని అరిచిన మనిషి ఇప్పుడు నేల చూపులు చూస్తున్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ను నలుగురిలో 'మీరు' తప్ప అనని ప్రభావతి నోటికి ఇప్పుడు 'నువ్వు' వచ్చింది.

"నీకేం లేకపాయె?" అంది. మళ్ళీ అడిగింది. "నా తాన నీకేం లేకపాయెనని ఎర్రదారం కట్టించుకున్నవ్? ఏం గావాలె నీకు?"

తిరుమలేష్ తలెత్తి చూసింది భార్య వంక కాదు, ప్రతిభ వంక. చెప్పనా అన్నట్టు, చెప్పొద్దు అన్నట్టు.

ప్రతిభ తడిచేతులు ఓణీకి తుడుచుకుంది. ముందుకు వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆయన చెప్పలేరు వహినీ" అంది. "ఆయనకేం కావాలో నాకు తెలుసు. నేను చెప్తాను."